సంధి వచ్చినవాళ్లకి వొకాబులరీ భయమెందుకు?

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే చాలు, హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఇంగ్లిష్ వర్డ్ లిస్టుల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. రోజుకి యాభై పదాలు బట్టీ పట్టడం, వారం తిరిగేసరికి సగం మర్చిపోవడం. ఇందులో ఎక్కువ నలిగేది తెలుగు మీడియం నుంచి వచ్చిన మన ఫ్రెండ్సే. "మాకు బేస్ లేదురా" అంటారు. బేస్ ఉంది అంటాను నేను. అది స్కూల్లో చదివిన తెలుగు వ్యాకరణంలోనే ఉంది.

ఆట నుంచి ఆటగాడు, వేట నుంచి వేటగాడు. ఇంగ్లిష్‌లో ప్లే నుంచి ప్లేయర్, హంట్ నుంచి హంటర్. మంచికి 'తనం' చేరిస్తే మంచితనం, గుడ్‌కి 'నెస్' చేరిస్తే గుడ్‌నెస్. న్యాయం ముందు 'అ' పెడితే అన్యాయం, ఫెయిర్ ముందు 'అన్' పెడితే అన్‌ఫెయిర్. ముందు చేరేది ప్రిఫిక్స్, వెనక చేరేది సఫిక్స్. అంతే.

సంధి కూడా ఉంది. ఉత్, లేఖనం కలిస్తే ఉల్లేఖనం. 'ల' పక్కన 'త్' కూడా 'ల్' అయిపోయింది. అలాగే 'కాదు' అనే అర్థమిచ్చే 'ఇన్', లీగల్ ముందు 'ఇల్', పాసిబుల్ ముందు 'ఇమ్', రెగ్యులర్ ముందు 'ఇర్' అవుతుంది. ఇవి నాలుగు ప్రిఫిక్సులు కావు, ఒక్కటే. నోటికి సులువయ్యేలా మారిందంతే.

మన సీఎస్ వాళ్లం డీబగ్, డీకోడ్, రీస్టార్ట్, సబ్‌నెట్ అని రోజూ అంటూనే ఉంటాం. ఒక ఫంక్షన్ రాసి పది చోట్ల కాల్ చేసినట్టే, 'మోయడం' అనే అర్థమున్న లాటిన్ ధాతువు 'పోర్ట్' ఒక్కటి తెలిస్తే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్ అన్నీ అర్థమవుతాయి.

ఈ పద్ధతిలోనూ బగ్స్ ఉన్నాయి. పెట్రోలు ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటే మండనిది అని కాదు, తొందరగా అంటుకునేది అని. అక్కడి 'ఇన్'కి 'కాదు' అనే అర్థం లేదు. 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత విలువైనది. అందుకే ముందు విడగొట్టి ఊహించాలి, తర్వాత వాక్యంలో పెట్టి చూడాలి, అనుమానముంటే డిక్షనరీ తెరవాలి.

ఇంగ్లిష్ మీడియం వాళ్లం ఈ పదాల్ని గబగబా పలికేస్తాం, విప్పి చూసే అలవాటు మాత్రం తక్కువ. ఆ అలవాటు తెలుగు మీడియం వాళ్లకి విగ్రహవాక్యాలతోనే వచ్చేసింది. ఈసారి లిస్టు ఫార్వర్డ్ చేసే బదులు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రోజుకి పది పదాలు విడగొట్టండి. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో మీకే తెలుస్తుంది.