జుట్టు ఊడుతోందా? నూనె సీసా కాసేపు పక్కన పెట్టండి!

పోయినవారం ఉసిరికాయ పచ్చడి రాసినప్పుడు, ఈసారి జుట్టు సంగతి చెబుతానని మాటిచ్చాను. ఇది ఎక్కడో విన్న కబురు కాదండీ, నా తల మీద జరిగిందే.

2023లో వినాయకచవితి వెళ్ళిన వారానికి నాకు డెంగీ జ్వరం వచ్చింది. పదిరోజులు మంచం దిగలేదు. తగ్గాక ఓపిక తెచ్చుకుని దీపావళికి గవ్వలు, జంతికలు కూడా చేశాను. కార్తీకమాసం చివర్లో ఓ ఆదివారం తలంటు పోసుకుంటుంటే జుట్టు గుప్పెళ్ళకొద్దీ చేతిలోకి వచ్చేసింది. నీళ్ళు పోయే జాలీ దగ్గర ఉండ కట్టింది. ఆ ఉండని కాగితంలో చుట్టి, మావారి కంట పడకుండా చెత్తబుట్టలో అడుక్కి తోసేశాను. ఎందుకు దాచానో ఇప్పటికీ తెలీదు.

అమ్మ దిష్టి తగిలిందంది. తోడికోడలు నూనె మార్చమంది. పధ్నాలుగు వందలు పెట్టి ఓ సీసా కొన్నాను, ఆ నెల సరుకుల డబ్బుల్లోంచి. మందారాకు, మెంతులు అయ్యాయి. ఉల్లిపాయ రసం పూసుకున్న రాత్రి పిల్లలు నా పక్కన పడుకోలేదు! ఊడుతుందన్న భయంతో తలస్నానమే మానేశాను. చివరికి ఇంటర్ చదువుతున్న మా అమ్మాయే చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆవిడ నూనె పేరు అడగలేదు. "రెండు మూడు నెలల కిందట ఏం జరిగిందమ్మా?" అని అడిగారు.

మన తలమీద జుట్టులో పదింట తొమ్మిది వంతులు పెరుగుతూ ఉంటుందట, మిగతాది విశ్రాంతిలో ఉంటుందట. విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుక సుమారు మూడు నెలలకి రాలిపోతుంది. అలా రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషను, పెద్ద దిగులు, తిండి మానేసి సన్నబడటం లాంటివి వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అవన్నీ రాలేసరికి జ్వరం సంగతి మనం మర్చిపోతాం, షాంపూని తిడతాం. ఊడిన వెంట్రుక చివర తెల్లగా కనిపించేది వేరు కాదట, వేరు లోపలే క్షేమంగా ఉంటుంది. తలస్నానం రోజున పోయేవి ఎలాగూ పోవలసినవే, శుభ్రంగా పోసుకోమన్నారు. మా చెల్లెలికి కాన్పయిన నాలుగో నెలలో ఊడింది కూడా ఇదే. బిడ్డకి పాలివ్వడం వల్లే అని మేమంతా దాన్ని ఎంత సాధించామో!

ఆవిడ అడిగిన రెండో ప్రశ్నకి మాత్రం నాకు నోరు పెగల్లేదు. నెలసరి ఎలా ఉంటోందని. నాలుగేళ్ళుగా ఏడెనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా అవుతోంది. ఈ వయసులో అంతేలే అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. మనకి 12 అయినా ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా అడుగంటింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం డెంగీ నీరసం అనుకున్నాను, కాదన్నమాట. స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ కనిపించింది. కాన్సరు కాదన్నారు, మందులతో అదుపులో ఉంది. జుట్టే ఊడకపోతే ఇంకో రెండేళ్ళు ఆ మెట్ల దగ్గరే రొప్పుతూ ఉండేదాన్ని.

ఐరన్ మాత్ర కాఫీ, టీ, పాలతో వేసుకోకూడదు. గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. నేను నిమ్మరసంతో వేసుకున్నాను. విరేచనం నల్లగా అవుతుంది, హడలిపోకండి. పరీక్ష చేయించకుండా ఎవరో చెప్పారని మాత్రలు కొనకండి. జుట్టుకని అమ్మే బయోటిన్ వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకి ముందే డాక్టరుకి చెప్పండి, అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పప్పు, గుడ్డు, ఆకుకూర మానకండి. తడితల దువ్వకండి. జడ బిగించి లాగి వేసుకోకండి. నూనె అంటారా, రాసుకుంటే జుట్టు మెత్తబడుతుంది, నాలాంటి ఊడుడు మాత్రం ఆగదు.

రూపాయి బిళ్ళంత మేర నున్నగా పోతే సంగతి వేరు. మనం పేనుకొరుకుడు అంటామే, అది. పేలకీ దానికీ సంబంధం లేదు, ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున వేళ్ళ మీద పడుతుందట. దానికి వైద్యం ఉంది. పాపిడి ఏళ్ళ తరబడి మెల్లగా వెడల్పవుతున్నా, మాడు మీద ఎర్రగా పొట్టు రేగుతున్నా, ఆరు నెలలు దాటినా ఊడటం ఆగకపోయినా ఇంట్లో కూర్చోకండి. ఒళ్ళు రావడం, చలికి తట్టుకోలేకపోవడం కూడా ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి.

నాకు శివరాత్రికి ఊడటం తగ్గింది. ఎండాకాలానికి నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు నిక్కపొడుచుకు లేచాయి. పసిపిల్ల తలలా ఉందని మావారు ఒకటే నవ్వు. నెలకి సెంటీమీటరు చొప్పున అవి నడుం దాకా రావాలంటే అయిదేళ్ళు పడుతుందని మా అమ్మాయి లెక్క కట్టింది. హిమోగ్లోబిన్ మాత్రం 12 దాటింది.

వచ్చేవారం మునగాకు పొడి, కొలతలతో సహా.