ప్రతి జ్వరానికీ ఆ సూదేనా? మన ఒళ్ళు ఎవరి ప్రయోగశాల?



పోస్టు కాస్త పెద్దదే. కానీ పూర్తిగా చదవండి, ఇంటికెళ్ళినప్పుడు అమ్మానాన్నలకి చదివి వినిపించండి.

ఉండి, ఆకివీడు, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద మకాముల్లో ఉండే యానాది, ఎరుకల కుటుంబాల పిల్లలం మేము. మా ఇళ్ళల్లో జ్వరం వస్తే ఒకటే మాట: "సూది ఏయించుకుంటే గానీ జరం తగ్గదు." ఆ సూది పేరు చాలామందికి తెలీదు. ఖాళీ సీసాలు ఏరి చదివితే ఎక్కువసార్లు కనపడింది ఒకటే పేరు, సెఫ్‌ట్రియాక్సోన్.

ఇది చెడ్డ మందని మేము అనడం లేదు, నిజానికి చాలా గొప్ప మందు. మెదడువాపు తెచ్చే మెనింజైటిస్‌కీ, ముదిరిన న్యుమోనియాకీ, టైఫాయిడ్‌కీ, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్‌కీ పెద్దాసుపత్రుల్లో దీన్నే వాడతారు. బురదలో పనిచేసే మనకి ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ముదిరితే ప్రాణం నిలబెట్టే మందుల్లో ఇదీ ఒకటి. అంత విలువైన మందుని జలుబుకీ, ఒళ్ళునొప్పులకీ పొడిచేస్తున్నారనేదే మా గొడవ.

ఎందుకు పొడుస్తున్నారు? చాలా రోగాలకి రోజుకి ఒక్కసారి వేస్తే చాలు, కాబట్టి ఆర్‌ఎంపీకి సుళువు. సూది పడితేనే వైద్యం జరిగినట్టు మనకి నమ్మకం. దాంతోపాటు జ్వరం తగ్గించే మందు కూడా ఇస్తారు, సాయంత్రానికి ఒళ్ళు చల్లబడుతుంది. వైరల్ జ్వరమైతే నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. పేరు మాత్రం సూదికి!

డెంగీ మీద ఇది పనిచేయదు, మలేరియా మీద అసలే పనిచేయదు. స్క్రబ్ టైఫస్ సంగతి ఇంకా ముఖ్యం. గట్ల మీద గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరమది. కొందరికి కుట్టినచోట నల్లటి పెచ్చు కడుతుంది. ఆ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, సెఫ్‌ట్రియాక్సోన్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి పనిచేసేది డాక్సీసైక్లిన్ అనే చవకైన మాత్ర.

మా వాళ్ళల్లో ఒక చెరువు కాపలాదారుకి ఇదే జరిగింది. వరసగా సూదులు, సెలైన్లు. కూలి డబ్బులు అయిపోయి అప్పు మొదలైంది. చివరికి సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ చొక్కా విప్పించి చూస్తే చంకలో నల్ల మచ్చ. మాత్రలతో రెండు రోజుల్లో జ్వరం దిగింది. అన్ని సూదులు పొడిచిన చేతులు ఒక్కసారి చొక్కా విప్పి చూడలేదు!

అవసరం లేని సూది నష్టమే చేస్తుంది. కొందరికి ఎలర్జీ వచ్చి నిమిషాల్లో ప్రాణం మీదకొస్తుంది, ఆ క్షణాన ఎడ్రినలిన్ దగ్గరుండాలి. కాల్షియం ఉండే ఆర్‌ఎల్ సెలైన్‌తో దీన్ని కలపకూడదు. నెల లోపు పసిగుడ్డులకైతే అది మరీ ప్రమాదం. టైఫాయిడ్‌కి పది రోజులకి పైగా వాడాల్సిన మందుని రెండు సూదులతో ఆపేస్తే క్రిములు మిగిలిపోతాయి. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి ఈ మందుకి లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. 2019లో ప్రపంచం మొత్తం మీద మందులకి లొంగని క్రిముల వల్ల నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లెక్క. రేపు మనకి నిజంగా అవసరమైనప్పుడు ఈ సూది పనిచేయకపోతే అంతకంటే ఖరీదైన సూదులు కొనే స్తోమత ఎవరికుంది?

"ఆర్‌ఎంపీ లేకపోతే అర్ధరాత్రి దిక్కెవరు?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గట్టు మీదకి బండేసుకుని వచ్చేది ఆయనొక్కడే. అందుకే మా కోపం ఆయనొక్కడి మీదే కాదు. మకాం దాకా రక్తపరీక్ష రానివ్వని వ్యవస్థ మీద, చీటీ లేకుండా ఈ మందు అమ్మే షాపుల మీద కూడా. 2014 మార్చి నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. మరి మన గట్ల మీద ఖాళీ సీసాలు ఏ రిజిస్టరులో ఉన్నాయి? రొయ్యల్లో యాంటీబయాటిక్ తేలితే విదేశీ కొనుగోలుదారుడు కంటైనరు వెనక్కి పంపుతాడు. ఆ రొయ్యని కాపలా కాసే మనిషి ఒంట్లో ఎంత మందు పోశారో అడిగే నాథుడు లేడు. రొయ్యకున్న పాటి విలువ మనకి లేదా?

కాబట్టి ఇవాళ్టి నుంచి మనం చేయాల్సినవి:

సూది వేసే ముందు "ఏం మందండీ, దేనికండీ?" అని అడుగుదాం. సీసా ఫోటో తీసి ఉంచుదాం.

జ్వరం మూడో రోజుకి తగ్గకపోతే ఆశా అక్కకి చెప్పి సర్కారు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయిద్దాం. ఆయాసం, మగత, ఫిట్స్ ఉంటే ఆగొద్దు, వెంటనే 108.

ఒంటి మీద నల్ల పెచ్చు ఉందేమో మనమే వెతుకుదాం, డాక్టరుకి చూపిద్దాం.

పెద్ద డాక్టరు ఈ సూదే రాస్తే భయపడొద్దు, చెప్పినన్ని రోజులూ పూర్తిగా వేయిద్దాం.

వారానికోసారి మకాముల దగ్గర వైద్య శిబిరం పెట్టాలని గ్రామసభలో అర్జీ పెడదాం.

చదువుకున్నది మనమే. అడగాల్సిందీ మనమే. సూదికి చెయ్యి చాపే ముందు నోరు తెరుద్దాం.