ఆపరేషన్ తరువాత భార్యాభర్తలు

ఈ నెల మేము రాస్తున్నది సంఘములో ఎవరూ పైకి మాట్లాడని సంగతి. మాట్లాడకపోవుట వలన ఒక ఇల్లు ఎంత నలిగిపోయినదో కళ్లారా చూశాము గనుక, ఆ దంపతుల అనుమతితో, పేర్లు చెప్పకుండా రాస్తున్నాము.

నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర, సదర్మాట్ కాలువ కింద వరి పండించుకునే కుటుంబము వారిది. ఇంటి ప్రార్థన ముగిసిన తరువాత ఆ తల్లి మాలో అమ్మగారిని వంటింట్లోకి పిలిచి కన్నీళ్లు పెట్టుకున్నది. "ఆపరేషనైన కాడి నుంచి ఆయన అరుగు మీదనే పండుతుండు అమ్మగారూ. నాతోని మాట్లాడుడే తక్కువైంది. నేనేం తప్పు జేసిన?"

బయట ఆ సహోదరుడు అయ్యగారితో అన్న మాట వేరు. "పానం దక్కింది గాని, నేను ఇంక మొగోన్ని కాదు అయ్యగారూ."

ఆయనకు ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సర్ వచ్చినది. హైదరాబాదులో గ్రంథిని పూర్తిగా తీసివేశారు. తరువాత ఇట్లు జరుగవచ్చునని తనకు అర్థమయ్యేట్టు ఎవరూ చెప్పలేదని ఆయన బాధ.

ఆ గ్రంథి మూత్రాశయము క్రింద పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. అంగము గట్టిపడుటకు కావలసిన సన్నని నరాలు దానికి ఇరుప్రక్కల ఆనుకొని పోతాయి. 1981లో హాలెండులోని లైడెన్‌లో పీటర్ డాంకర్ అను వైద్యుడు, అమెరికా వైద్యుడు పాట్రిక్ వాల్ష్ కలిసి ఆ నరాల దారిని కనుగొన్నారు. మరుసటి ఏడు వాల్ష్ వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేశాడు. అయితే కాన్సర్ నరాల వరకు ప్రాకితే వాటిని కూడ తీయక తప్పదు. కాపాడిన నరాలు సైతము ఆపరేషన్‌లో దెబ్బతిని, కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కరికి రెండేండ్లు కూడ పట్టవచ్చును. వయస్సు, చక్కెర వ్యాధి, రక్తపోటు, బీడీ, చుట్ట అలవాటు దీనిని ఇంకా ఆలస్యము చేస్తాయి.

కనుక సహోదరులారా, ఇది నరాలకు తగిలిన గాయము. మగతనము పోవుట కాదు, పాపఫలము అసలే కాదు. వీర్యము ఇక రాదు, పిల్లలు సహజముగా కలుగరు. కాని స్పర్శ, సుఖము తెలియుట సాధారణముగా మిగిలే ఉంటాయి.

చికిత్స ఉన్నది. మూత్రవ్యాధుల నిపుణుని సిగ్గుపడక అడగండి. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ వంటి మాత్రలు, నరాలు కొంతైనా మిగిలినవారికి ఉపయోగపడవచ్చును. మాత్రలు పనిచేయకపోతే గాలి తీసే పంపు, అంగములోనికి ఇచ్చే సూది మందు, చివరకు లోపల అమర్చే సాధనము ఉన్నాయి. మూత్రము కారుచుంటే, మూత్రము ఆపుకొన్నట్టు క్రింది కండరాలను బిగించి వదిలే అభ్యాసము నేర్పుతారు.

ఒక హెచ్చరిక: గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొనే మాత్ర గాని, మరే నైట్రేట్ మందు గాని వాడేవారు సిల్డెనాఫిల్ ముట్టరాదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చును. బస్టాండు గోడల మీద ప్రకటనలు చూసి రహస్యముగా మందులు కొనకండి.

సహోదరీలారా, ఆయన దూరముగా పండుకొనుట మీ మీద విరక్తి చేత కాదు, ఓడిపోతానను భయము చేత. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయములో పౌలు భార్యాభర్తలు ఒకరికొకరు చెందినవారని చెప్పినప్పుడు, వయస్సు గాని ఆరోగ్యము గాని షరతు పెట్టలేదు. చేయి పట్టుకొనుట, ప్రక్కన పండుకొనుట, తలకు నూనె రాయుట కూడ దాంపత్యమే.

ఆ దంపతులు కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లారు. ఏడాది గడిచినది. పూర్తిగా బాగుపడలేదని ఆయనే చెప్పాడు. అయితే మంచము మాత్రము అరుగు మీద లేదు.