అలారం అబద్ధమాడిందా?

అండమాన్ దీవులలో పోర్ట్‌బ్లెయిర్‌కు చేరువలో సిప్పీఘాట్ ఉన్నది. 2024లో ఆ నగరానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు. 2004 డిసెంబరు 26నాటి భూకంపానికి అక్కడి నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సునామీతో వచ్చిన సముద్రం చాలా పొలాలను విడిచి వెళ్ళలేదు. వరి పండిన మళ్ళు ఉప్పునీటి మడుగులయ్యాయి.

ఇటువంటి లోతులేని ఉప్పునీటిలో అవుట్‌బోర్డు మోటారుకు శత్రువులు రెండు. బురద, నాచు కలిసి నీటిదారిని మూసివేస్తాయి. ఉప్పు తీగలను తినివేస్తుంది. మొదటిదానివల్ల ఇంజను నిజంగానే వేడెక్కుతుంది. రెండవదానివల్ల చల్లని ఇంజను కూడా వేడెక్కినట్లు అలారం మోగవచ్చు. చెవికి రెండు మోతలూ ఒకటే. అందుకే తేడా తెలుసుకునే పద్ధతి పడవవారికి అవసరం.

ఈ మోటారు చుట్టూ ఉన్న నీటినే రబ్బరు రెక్కల పంపుతో పీల్చుకుని చల్లబడుతుంది. ఆ నీటిలో కొంత వెనుకవైపు సన్నని ధారగా చిమ్ముతుంది. అలారం మోగగానే వేగం తగ్గించి ముందు ఆ ధారను చూడాలి. అది ఆగిపోతే వెంటనే ఇంజను ఆపాలి. మోటారును పైకి లేపి, నీరు పీల్చే జల్లెడను శుభ్రం చేయాలి. ధార వచ్చే రంధ్రాన్ని సన్నని తీగతో పొడిచి చూడాలి. అప్పటికీ ధార రాకుంటే పంపు రెక్కలను అనుమానించాలి.

ధార బాగున్నంత మాత్రాన అలారం అబద్ధమని తేల్చరాదు. థర్మోస్టాట్ బిగుసుకుపోయినా, లోపలి దారులలో ఉప్పు పేరుకున్నా ఇంజను వేడెక్కుతుంది. ఇంజను ఆపి, మూత తీసి, సిలిండర్ తలపై ఉష్ణమాపకం పెట్టి చూడాలి. అది లేనప్పుడు రెండు నీటిచుక్కలు వేయాలి. అవి చుయ్యిమంటే అలారం నిజమే చెప్పింది. చుయ్యిమనకపోయినా, చేయి దగ్గర పెట్టలేనంత వేడి ఉంటే అనుమానం తీరనట్లే.

ఇంజను చల్లగా ఉన్నా మోత ఆగకపోతే మొదట ఆయిలు చూడాలి. చాలా మోటార్లలో ఆయిలు తగ్గినా అదే అలారం మోగుతుంది. ఆయిలు సరిగా ఉంటే, సిలిండర్ తలపై ఉన్న వేడి స్విచ్చి తీగను విడదీసి చూడాలి. మోత ఆగితే లోపం స్విచ్చిలో ఉన్నది. ఆగకపోతే తీగ ఎక్కడో ఒరుసుకుని లోహానికి తగులుతూ ఉండవచ్చు. ఈ పరీక్ష సాధారణ స్విచ్చి ఉన్న మోటార్లకే వర్తిస్తుంది. కంప్యూటరు ఉన్న కొత్తవాటిని మెకానిక్కుకు చూపాలి.

విడదీసిన తీగను అలాగే వదిలివేయడం మాత్రం పెద్ద పొరపాటు. "నాన్నా, పులి!" అని పలుమార్లు ఉత్తుత్తిగా అరచిన పిల్లవాని కథలో, చివరిసారి పులి నిజంగానే వచ్చింది. పిల్లవాని నోరు కట్టివేసినంత మాత్రాన పులి రాక మానదు. స్విచ్చి మార్చడానికి అయ్యే ఖర్చు, నడిసముద్రంలో బిగుసుకుపోయిన ఇంజనుకు అయ్యే ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

పడవ ఒడ్డు చేరిన ప్రతిసారీ మోటారు లోపలికి మంచినీరు పారించి కడిగితే, నీటిదారి మూసుకుపోయే చిక్కు చాలావరకు తగ్గుతుంది.