బాల్ఫరు దొర నివాసముల జాడ – మన యిండ్ల జాడ

ఎగ్మూరు మ్యూజియమునకు మన కుటుంబములవారు పండుగ సెలవులలో పోవుచునే యుందురు. అమరావతి శిలల యెదుట నిలిచి, ఇవి మన కృష్ణాతీరమువని పిల్లలకు చూపుదురు. ఆ సంస్థకు తొలి యధికారి యెవరో, ఆయన ఎచ్చటనుండి వచ్చి యెచ్చట కన్నుమూసెనో అడుగువారు అరుదు. నేనును నిన్నమొన్నటివరకు అడిగినవాడను కాను.

ఆయన ఎడ్వర్డు బాల్ఫరు. స్కాట్లండులోని మాంట్రోజు పట్టణమున 1813లో జననము, ఎడింబరోలో వైద్యవిద్య, 1834లో కంపెనీ సైన్యమున వైద్యుడుగా ఈ దేశమునకు రాక. త్రోవలో మారిషస్ ద్వీపమున అడవులు కొట్టివేయుటవలన కలిగిన నష్టమును చూచెనట. చెట్లకును వానలకును గల సంబంధమును గూర్చి తరువాత వ్రాసెను. 1851లో మ్యూజియము ఆరంభమైనప్పుడు అది ఎగ్మూరులో లేదు. బ్రౌను దొర తెలుగు నేర్చిన సెంట్ జార్జికోట కళాశాల మేడమీద నుండెడిది. 1854లో పాంథియన్ భవనమునకు మారినది. మరుసటి యేడు బాల్ఫరు అచ్చటనే సజీవ జంతువులను పెట్టించెను. వర్తకుడనగుటచే నాకీ యుపాయము మిక్కిలి నచ్చినది: పులిని చూడవచ్చినవాడు రాతినిగూడ చూచిపోవును. ఆ జంతుశాలయే 1863లో పీపుల్స్ పార్కునకును, 1985లో వండలూరునకును తరలినది.

ఇక అమరావతి శిలలు. 1845లో ఎలియట్ దొర త్రవ్వించి తెప్పించినవి ఏండ్ల తరబడి చెన్నపురిలో ఎండకు వానకు పడియుండెను. 1859లో వానిలో పెక్కింటిని ఓడనెక్కించిరి; నేడవి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. ఆ యేటనే బాల్ఫరు మ్యూజియము బాధ్యతను విడిచెను. పిమ్మట మదరాసున సర్జన్ జనరల్ పదవినధిష్ఠించి, స్త్రీలకు వైద్యవిద్య గరపుటకు తోడ్పడి, తుదకు తానును లండనే చేరెను. 1857లో ఇచ్చట అచ్చైన తన ‘సైక్లోపీడియా ఆఫ్ ఇండియా’ను 1885లో అచ్చట మూడవమారు ప్రకటించి, 1889 డిసెంబరులో ఆ నగరముననే మరణించెను.

ఒక దొర జీవితమును ఇన్నేండ్ల తరువాత ఊరూరా అనుసరింపగలుగుచున్నామన్న, అందులకు కారణము ఆయన వారు కాగితమును పారవేయకపోవుటయే. మన సంగతి యేమి? మా తాతగారు ఏ యేట ఈ యూరు చేరిరో, ఏ వీధిలో మొదట అద్దెకుండిరో తెలుపు చిట్టాలు, ఆవర్జాలు మా యింట రెండు పెట్టెలుండెడివి. దుకాణము మార్చిననాడు నేనే వానిని తూకమునకమ్మితిని. ఎచ్చటనో పప్పు పొట్లములు చుట్టుటకు పనికివచ్చియుండును. ఇప్పుడు మనమెప్పటినుండి ఇచ్చటనున్నామని మా పిల్లవాడడిగిన, నా నోటిమాట తప్ప వేరు ఆధారము లేదు.

మ్యూజియము పెట్టుట సంఘమునకు తలకు మించిన పనియని కొందరు పెద్దలందురు. నేను మ్యూజియమునడుగుట లేదు. పాత యిల్లు పడగొట్టకముందే అద్దె చీటీలు, క్రయపత్రములు, పన్ను రసీదులు, పెండ్లి శుభలేఖలు సంఘమునకు చేర్పుడని మాత్రమే కోరుచున్నాను. ఆస్తి తగాదాలు బయటపడునను భయము గలవారు నకలీయవచ్చును. మా దుకాణపు మేడమీద ఒక బీరువా ఖాళీ చేయించితిని; తాళపుచెవి కార్యదర్శిగారియొద్ద నుండును.