కుక్కకు టీకా - మనిషికి రక్ష: రేబిస్ నివారణకు శాఖల సమన్వయమే మార్గం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ రోగిని కాపాడగల నికరమైన చికిత్స నేటికీ లేదు. అయితే సకాలంలో జాగ్రత్త వహిస్తే ఈ వ్యాధిని నివారించవచ్చు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే సంక్రమిస్తున్నదని, బాధితుల్లో సుమారు 40 శాతం మంది 15 ఏళ్లలోపు బాలలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. కనుక ఆసుపత్రి గడప వద్ద ఆగిపోయే నివారణ సగం నివారణే అవుతుంది.

మనదేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది రేబిస్‌తో మరణిస్తున్నారని లోగడ అంచనా వేశారు. 2022-23లో 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన సర్వే ప్రకారం ఈ సంఖ్య దాదాపు 5,700. జంతువుల కాటుకు గురవుతున్నవారు ఏటా 91 లక్షలు కాగా, అందులో నాలుగింట మూడు వంతులు కుక్కకాట్లే. రెండు అంచనాల మధ్య ఇంత అంతరానికి లెక్కించే పద్ధతుల్లోని తేడాతోపాటు కేసుల నమోదులోని లోపం కూడా కారణమే.

ఈ వ్యాధికి సంబంధించిన బాధ్యత పలు శాఖల మధ్య పంపకమై ఉన్నది. గాయానికి చికిత్స వైద్య, ఆరోగ్య శాఖది. జంతువులో వ్యాధిని గుర్తించడం పశుసంవర్ధక శాఖది. వీధికుక్కల సంతాన నియంత్రణ, టీకాలు 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమావళి ప్రకారం స్థానిక సంస్థలవి. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. కుక్కకు టీకా వేయించడానికి పురపాలక సంఘమో, పంచాయతీయో ఖర్చు చేయాలి. దానివల్ల కలిగే ఆదా మాత్రం ఆసుపత్రి పద్దులో కనిపిస్తుంది. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిది కావడంతో కుక్కల టీకా ఏ శాఖకూ తొలి ప్రాధాన్యం కాలేకపోతున్నది. మనుషులకూ, జంతువులకూ రేబిస్ టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాద్ కేంద్రంగానే పనిచేస్తున్నది. టీకా ముంగిట్లోనే ఉన్నా వీధిలోని కుక్కదాకా చేరకపోవడానికి ఈ విభజన ఒక ముఖ్య కారణం.

ఈ విషయంలో గోవా అనుభవం గమనించదగినది. అక్కడి ప్రభుత్వం 2014 నుంచి మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థతో కలసి కుక్కలకు విస్తృతంగా టీకాలు వేయించింది. ఏటా సుమారు 95 వేల కుక్కలకు టీకా వేసి, ఆ వివరాలను మొబైల్ ఫోన్లలో నమోదు చేశారు. పాఠశాలల్లో అవగాహన, అనుమానిత కుక్కల సమాచార సేకరణ, ప్రయోగశాల పరీక్షలు ఒకే కార్యక్రమం కిందకు తెచ్చారు. ఫలితంగా కుక్కల్లో నెలవారీ కేసులు 92 శాతం తగ్గాయి. 2018, 2019 సంవత్సరాల్లో అక్కడ మనుషుల్లో రేబిస్ మరణం ఒక్కటీ నమోదు కాలేదు. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు.

కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించేందుకు ఉద్దేశించిన జాతీయ కార్యాచరణ ప్రణాళికను 2021 సెప్టెంబర్ 28న కేంద్ర ఆరోగ్య, పశుసంవర్ధక శాఖల మంత్రులు ఉమ్మడిగా విడుదల చేశారు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి వరుసగా మూడేళ్లు టీకా వేయాలన్నది ఇందులోని కీలకాంశం. ఆ స్థాయిలో రక్షణ ఏర్పడితే వైరస్ ఒక కుక్క నుంచి మరొక కుక్కకు పాకే గొలుసు తెగుతుంది. ఏటా కొత్త కుక్కపిల్లలు పుడుతుంటాయి కనుక ఒక్క ఏడాది ఏమరినా శ్రమ వృథా అవుతుంది.

జిల్లా స్థాయిలో చేయవలసిన పనులు క్లిష్టమైనవి కావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదైన కుక్కకాటు సమాచారం అదే రోజున స్థానిక పశువైద్యునికి అందాలి. కరిచిన కుక్క దొరికితే పది రోజులు పరిశీలనలో ఉంచాలి. వ్యాధి నిర్ధారణ అయితే ఆ పరిసరాల్లోని కుక్కలన్నింటికీ టీకా వేయాలి. ఆ కుక్క ఇంకెవరిని కరిచిందో ఆరోగ్య సిబ్బంది ఆరా తీయాలి. అదే సమయంలో గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలనీ, ఆలస్యం చేయక టీకా పూర్తి కోర్సు వేయించుకోవాలనీ ప్రతి ఇంటికీ తెలియాలి.

జిల్లా సమీక్షా సమావేశాల్లో కుక్కకాట్ల సంఖ్య పక్కనే, టీకా పొందిన కుక్కల శాతాన్నీ ఒకే పట్టికలో చూపడం అవసరం. పత్రికా ప్రతినిధులు సైతం మొదటి అంకెతో ఆగక రెండవదాన్నీ అడిగితే, ఏ పట్టణంలో పని ముందుకు సాగుతున్నదో, ఎక్కడ నిలిచిపోయిందో ప్రజలకు తెలుస్తుంది.