బ్యాటుకు విందు... బంతికి పస్తు!

అంగట్లో పప్పో బియ్యమో కొంటే దాని సంగతి ఆ పూట కుండలోనే తేలిపోతుంది. ఆటగాణ్ని కొంటే మాత్రం ఆరేడేళ్లు ఆగాలి. 2018 చివర్లో సన్‌రైజర్స్ హైదరాబాద్ శిఖర్ ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చేసి, బదులుగా ముగ్గుర్ని తెచ్చుకుంది. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ. మొదటి ఇద్దరి ధర చెరి 3 కోట్ల 20 లక్షలు. మూడో కుర్రాడిది 55 లక్షలు. కొసరు కింద వచ్చాడన్నమాట!

ఆ కొసరే చివరికి అసలైంది. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్ స్టేడియంలో పంజాబ్ 245 పరుగులు కొడితే, అభిషేక్ ఒక్కడే 55 బంతుల్లో 141 బాదాడు. మన జట్టు ఇంకా తొమ్మిది బంతులు మిగిలుండగానే గెలిచింది. ధావన్ కూడా తక్కువేం తినలేదు. 2020లో ఢిల్లీకి వరసగా రెండు సెంచరీలతో కలిపి 618 పరుగులు చేసిపెట్టాడు. బేరమంటే అదీ. ఇచ్చినవాడూ బాగుపడాలి, పుచ్చుకున్నవాడూ బాగుపడాలి.

కానీ అదే మ్యాచ్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. చప్పట్ల హోరులో దాన్ని చాలామంది మరచిపోయారు. 10 కోట్లు పోసి కొన్న మహమ్మద్ షమీ ఆ రోజు నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఒక్క వికెట్టూ పడలేదు. అదే ఏడాది నవంబరులో అతణ్ని అదే 10 కోట్లకు లక్నోకి అప్పగించేశారు. కొసరుగా వచ్చిన బ్యాటు బంగారమైంది, కోట్లు పోసిన బంతి చేజారిపోయింది. మన జట్టు జాతకమంతా ఆ ఒక్క రాత్రిలోనే ఉంది.

మట్టెవాడలో చాయ్ దుకాణాల దగ్గర ఐపీఎల్ రోజుల్లో నడిచే వాదన కూడా ఇదే. ‘‘మూడొందలు కొట్టే జట్టు మనది, ఇంకేం కావాలె?’’ అంటాడో తమ్ముడు. ‘‘కొట్టుడు సరే తమ్మీ, ఆపేటోడేడి?’’ అంటాడు పక్కన కూచున్న పెద్దాయన. మీరు ఎవరి పక్షం?

నేనైతే పెద్దాయన పక్షం. ఎందుకో చెప్తా.

చేజేతులా వదులుకున్నవి

సన్‌రైజర్స్ పేరు చెబితే ఒకప్పుడు గుర్తొచ్చేది బౌలింగే. 2018 ఏప్రిల్ 24న ముంబయి వాంఖెడేలో 118కే ఆలౌటై, ముంబయిని 87కి కూల్చారు. రెండ్రోజులకే ఉప్పల్‌లో 132 కొట్టి, పంజాబ్‌ని 119 దగ్గర ఆపారు. పొదుపుగా సంసారం చేసే ఇల్లాలిలా ఉండేది జట్టు. ఉన్నదాంట్లోనే గుట్టుగా నెట్టుకొచ్చేది.

మరి ఆ చేతులన్నీ ఇప్పుడెక్కడున్నాయి? 2017లో 4 కోట్లకు తెచ్చుకున్న రషీద్ ఖాన్‌ని 2022 వేలానికి ముందు వదిలేశారు. అతణ్ని 15 కోట్లకు పట్టుకుపోయిన గుజరాత్ మొదటి ఏడాదే కప్పు కొట్టింది. 2014 నుంచి పదకొండు సీజన్లు సేవ చేసిన భువనేశ్వర్ కుమార్‌ని 2024 వేలంలో బెంగళూరు 10 కోట్ల 75 లక్షలకు ఎత్తుకెళ్లింది. 2025 జూన్ 3న అహ్మదాబాద్ ఫైనల్లో పంజాబ్ ఎదురీదుతున్నప్పుడు ఒకే ఓవర్లో రెండు వికెట్లు తీసిందెవరు? భువనేశ్వరే. బెంగళూరు పద్దెనిమిదేళ్ల కల ఆరు పరుగుల తేడాతో తీరింది.

ఇక సిరాజ్ సంగతి. హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగినవాడు. తండ్రి ఆటో నడిపి సాకాడు. 2016-17 రంజీ సీజన్లో 41 వికెట్లు తీస్తే, 2017లో మన జట్టే 2 కోట్ల 60 లక్షలకు కొంది. ఏడాది తిరక్కుండా బెంగళూరుకి పోయాడు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ చొక్కా తొడుక్కుని ఉప్పల్‌కి వచ్చి, 17 పరుగులకే నలుగుర్ని ఇంటికి పంపాడు. సొంతూరి పిల్లాడు సొంతూరి జట్టునే ఓడిస్తుంటే చప్పట్లు కొట్టాలా, తల పట్టుకోవాలా? ఆ రోజు చాలామంది రెండూ చేసుంటారు!

నిజమే, ఎవర్ని అట్టిపెట్టుకోవాలన్న దానికి బోర్డు పరిమితులున్నాయి. అందర్నీ దాచుకోవడం కుదరదు. కానీ దాచుకునే అవకాశం ఉన్నంతలో దేన్ని దాచుకున్నామన్నది మన చేతిలోనిదే కదా! 2025 సీజన్ కోసం ఐదుగురిని 75 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. అందులో అసలు సిసలు బౌలర్ కమిన్స్ ఒక్కడే. అతని వాటా 18 కోట్లు. మిగతా 57 కోట్లూ ప్రధానంగా బ్యాటు కోసమే. క్లాసెన్‌కే 23 కోట్లు. ఇంట్లో పట్టుచీరలు బీరువానిండా ఉన్నాయి, వర్షానికి గొడుగు మాత్రం ఒక్కటే. ఆ ఏడాది ఆరో స్థానంతో సరిపెట్టుకున్నారు.

రెండో మెట్టు మీద నిలబడితేనే...

ఇంకో వాదన ప్లేఆఫ్స్ గురించి. మొదటి మూడేళ్లూ, అంటే 2008 నుంచి 2010 దాకా, మామూలు సెమీఫైనల్స్ ఉండేవి. నలుగురూ సమానం. ఆ పుణ్యాన్నే 2009లో మన డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచింది. గుర్తుందా? 2008లో అట్టడుగున పడ్డ జట్టు అది. దక్షిణాఫ్రికాలో ఆడిన మరుసటేడు నాలుగో స్థానంలో, అదీ రన్‌రేటు దయతో సెమీస్‌కి చేరింది. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీని గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి ఇంటికి పంపాడు. ఫైనల్లో బెంగళూరు మీద ఆరు పరుగులతో గెలుపు. ఆ ఏడాది టోర్నీలో అందరికన్నా ఎక్కువ వికెట్లు, 23, ఎవరివో తెలుసా? మన ఆర్పీ సింగ్‌వి!

మరి పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పైన నిలిచిన ఢిల్లీకి ఒక్క రాత్రితో అన్నీ పోవడం న్యాయమా? 2011 నుంచి పద్ధతి మారింది. మొదటి రెండు జట్లకూ రెండేసి అవకాశాలు. మూడు, నాలుగు స్థానాలవాళ్లు ఒక్కటి ఓడినా మూట సర్దుకోవాల్సిందే. ఫలితం చూడండి. 2011 నుంచి 2025 దాకా పదిహేను సీజన్లు. రెండో స్థానం జట్టు తొమ్మిదిసార్లు గెలిచింది. మొదటి స్థానం జట్టు ఐదుసార్లు. మూడో స్థానం నుంచి ఒకే ఒక్కసారి. నాలుగో స్థానం నుంచి ఒక్కసారీ లేదు.

ఆ ఒకే ఒక్కసారి ఎవరు? మన సన్‌రైజర్సే, 2016లో! ఎలిమినేటర్లో కోల్‌కతాని, రెండో క్వాలిఫయర్లో గుజరాత్ లయన్స్‌ని, ఫైనల్లో బెంగళూరుని, వాళ్ల ఊళ్లోనే ఓడించింది. ఫైనల్లో 208 కొట్టినా, పదకొండో ఓవర్లో గేల్ అవుటయ్యేసరికి బెంగళూరు 114కి చేరింది. మ్యాచ్ అయిపోయిందని టీవీ కట్టేసినవాళ్లూ ఉన్నారు. భువనేశ్వర్ వికెట్టు తీయకపోయినా నాలుగు ఓవర్లలో 25 పరుగులే ఇచ్చాడు. ఎనిమిది పరుగులతో కప్పు మనది. కింది మెట్టు నుంచి ఎక్కినవాణ్ని పైకి లాగింది బంతేనన్నమాట.

దీనికి తిరగేసిన బొమ్మ 2024. ఆ ఏడాది ఏప్రిల్లో బెంగళూరు మీద 287 కొట్టి ఐపీఎల్ రికార్డు రాశారు. పట్టికలో రెండో స్థానం. తీరా మే 26న చెన్నైలో ఫైనల్ ఆడితే 113కే చాప చుట్టేశారు. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంత తక్కువ స్కోరు అప్పటిదాకా లేదు. తొలి ఓవర్లోనే అభిషేక్ స్టంపుల్ని లేపేసింది మిచెల్ స్టార్క్. కోల్‌కతా అతనికి 24 కోట్ల 75 లక్షలిస్తే అంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ డబ్బు ఆ ఒక్క రాత్రే వసూలైపోయింది.

అంతకు రెండ్రోజుల ముందు మనల్ని ఫైనల్‌కి చేర్చిందెవరో కూడా చెప్పుకోవాలి. మయాంక్ డాగర్‌ని బెంగళూరుకిచ్చి మార్పిడిలో తెచ్చుకున్న షాబాజ్ అహ్మద్. రాజస్థాన్ మీద 23 పరుగులకే మూడు వికెట్లు తీశాడు. చడీచప్పుడు లేని చిన్న బేరమది!

అర్లింగ్టన్ కథ

ఈ ట్రేడ్ అనే మాట అమెరికా బేస్‌బాల్ నుంచి మనకు బాగా అలవాటైంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడంతమంది. అక్కడికి దగ్గర్లోని అర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ జట్టుంది. 2023లో సీజన్ సగం దాటాక, గడువు ముగిసేలోపు వాళ్లు మాంట్‌గొమరీ, షెర్జర్ అనే ఇద్దరు పేరున్న పిచర్లను బేరమాడి తెచ్చుకున్నారు. పిచరంటే మన బౌలరే అనుకోండి. డివిజన్ గెలవకుండా, పక్క దారిన ప్లేఆఫ్స్‌కి చేరి, చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ కొట్టారు. అక్కడా ఇదే గొడవ! ఆ ఫైనల్‌కొచ్చిన అరిజోనా 162 మ్యాచ్‌ల్లో గెలిచింది 84. వంద గెలిచిన డాడ్జర్స్‌ని దారిలోనే ఇంటికి పంపేసింది. అక్కడ 30 జట్లలో 12కి ప్లేఆఫ్స్, ఇక్కడ 10లో 4. లెక్క ఒకటే, నూటికి నలభై.

మన మహిళల ప్రీమియర్ లీగ్‌లో మొదటి స్థానం జట్టు నేరుగా ఫైనల్‌కే వెళ్తుంది. అంతకన్నా న్యాయమేముంటుంది? కానీ 2023, 2024, 2025... మూడేళ్లూ ఢిల్లీ అమ్మాయిలే మొదటి స్థానం, మూడేళ్లూ ఫైనల్లో ఓటమే. నియమం తలుపు తీస్తుంది గానీ లోపలికి ఎత్తుకుపోదు.

కాబట్టి ఐపీఎల్ ప్లేఆఫ్స్ పద్ధతి మీద నాకు పెద్ద ఫిర్యాదేం లేదు. అసలు తిరకాసు అంతకు ముందుంది. పది జట్లయ్యాక ప్రతి జట్టూ ఐదు జట్లతో రెండేసిసార్లు, నాలుగింటితో ఒక్కొక్కసారి ఆడుతోంది. బలహీనులతో రెండుసార్లు ఆడినవాడికీ, బలవంతులతో రెండుసార్లు ఆడినవాడికీ ఒకే పట్టికా? 2019లో సన్‌రైజర్స్ 12 పాయింట్లతోనే, రన్‌రేటు పుణ్యమా అని నాలుగో స్థానం దక్కించుకుంది. ఇంత సన్నని గీత మీద నడిచే చోట అందరికీ అందరితో సమానంగా ఆట ఉండాలి. వాదించాల్సింది దీని గురించి.

బౌలింగ్ ఎవరేస్తరు?

మనం ఏ గల్లీలో చూసినా ఒక విచిత్రం ఉంటుంది. ఆట మొదలెట్టగానే ‘‘ఫస్ట్ బ్యాటింగ్ నాది’’ అని పదిమంది అరుస్తారు. ‘‘బౌలింగ్ ఎవరేస్తరు?’’ అంటే అంతా చెప్పుల వంక చూస్తారు. కోట్ల జట్టూ గల్లీ జట్టూ ఒక్క తానులో ముక్కలే!

ఉప్పల్ స్టేడియం మనకేం దూరమని? వరంగల్ రోడ్డు మీదే ఉంది. కానీ టికెట్టు కొనుక్కుని వెళ్లడానికి దగ్గరే గానీ, బంతి పట్టుకుని వెళ్లడానికి చాలా దూరం. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిషది భద్రాచలం. ఆమె కోసం కుటుంబమే ఊరు విడిచి హైదరాబాద్ చేరాల్సి వచ్చింది. అందరి ఇళ్లలోనూ అది కుదురుతుందా?

జట్టు యజమానులకు వేలంపాటలో కోట్లు గుమ్మరించడం తెలుసు. అందులో పిసరంత జిల్లాల్లో బౌలర్లను వెతకడానికి పెడితే, రేపటి 55 లక్షల కొసరు ఏ మట్టెవాడలోనో దొరకొచ్చు. దొరికినవాణ్ని ఏడాదికే వదిలేయకుండా ఉంటే ఇంకా మంచిది. ఇక పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. బ్యాటు కోసం కొట్లాడేవాళ్లు పదిమందున్నారు, క్యూ పెద్దది. బంతి దగ్గర క్యూ లేదు. వెళ్లి పట్టుకోండి!